కుడి భుజం మీద జంద్యం

చిత్తూరు, కట్టమంచి
23-4-1946

అత్తకు పంకజం నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాము. అక్కడ నువ్వు, మామయ్య, అవ్వ ఎట్లా ఉన్నారో వెంటనే వ్రాయి. కానీ ఇది ఊరికే క్షేమం కనుక్కునే ఉత్తరం కాదు అత్తా. నిలబడి చదువుతూ ఉంటే కూర్చో.

వానలు పడకముందే పెంకులు సర్దించాలని మునస్వామిని పిలిపించినాను. నాయన ఉన్నప్పుడు బంగారుపాళ్యం నుంచి మనకు మామిడికాయలు తెచ్చి వేసేవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. ఇప్పుడు తోట పోయింది, ఇంటికప్పు పనులు చేసుకుంటున్నాడు. మొన్న ఆదివారం అటక మీద దుమ్ము దులుపుతూ, “అమ్మా, ఈడ ఏందో సెక్కపెట్టె ఉండాది. సెదులు తినేసినాయి. ముట్టుకుంటే పొడి రాలతాండాది” అని కేకేసినాడు. నేను కింద నుంచి “మెల్లిగా దించు నాయనా” అన్నాను. దించేసరికి పెట్టె పోయి పుట్టమన్నే మిగిలింది. ఆ మట్టిలో అరచేయంత గాజుబిళ్ల ఒకటి.

మసిబారిన లాంతరు గాజు అనుకున్నాను. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల ఏదో ఆకారం. ముఖమేమో నల్లగా, జుట్టేమో తెల్లగా, కళ్ళున్నచోట తెల్లటి చుక్కలు. దయ్యమే అనుకున్నాను. చేతిలో పట్టుకోలేక, బల్ల మీద పిల్లలెవరో మరిచిపోయిన పలక ఉంటే దాని మీద పెట్టేసినాను.

అత్తా, నల్లటి పలక మీద పెట్టినానో లేదో, ఆ దయ్యం పోయి మనిషి వచ్చినాడు! నా కళ్ళెదుట వచ్చినాడు. కుర్చీలో కూర్చొని ఉన్నాడు. చెవులకు పోగులు, వెనక్కి ముడిచిన జుట్టు, ఒళ్ళో ఉత్తరీయం, పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటున్న ముఖం. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క చూపుడువేలు మాత్రం పొగలాగా చెదిరిపోయి ఉంది. మోకాలి మీద దాన్ని ఆడిస్తూ ఉన్నట్టున్నాడు.

ఆ వేలు చూసే నాకు అనుమానం వచ్చింది. కథ చెప్పేటప్పుడు అవ్వ మోకాలి మీద వేలితో తాళం వేస్తుంది గదా. “మా నాయనకు ఉన్నిందంట ఈ అలవాటు” అని తనే అనేది. అత్తా, ఇది ముత్తాత పటమేనా? మెట్లదారి కథలు వ్రాసిన అనంతయ్యగారేనా? ఆయన కథే నేను బడిలో మూడో తరగతికి పాఠం చెబుతున్నాను. కొండ మెట్లెక్కుతూ యాత్రికులు ఒకరికొకరు చెప్పుకున్న కథలని ఊరూరా చదువుతారు. ఆ పుస్తకంలోనేమో ఎవరో ఊహించి గీసిన మీసాలాయన బొమ్మ. అసలు మనిషి ముఖం ఈ లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాము. ఆయన నా పలక మీద కూర్చొని నవ్వు ఆపుకుంటున్నాడు. మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

నీకు తెలిసింది చెప్పు.

పంకజం


తిరుపతి, తీర్థకట్ట వీధి
వ్యయ సంవత్సరం, చైత్ర బహుళ ఏకాదశి

చి.సౌ. పంకజానికి నీ అత్త యశోద ఆశీస్సులు.

ఏకాదశి ఉపవాసం నాడు నా నోట తిట్లు తెప్పించినావు. నీకు ఇల్లు చూసుకోమని చెప్పినామా, అటకలు తవ్వమని చెప్పినామా? పెంకులు సర్దడానికి వచ్చినవాడికి పెట్టెతో ఏం పని?

ఆ పటం ఆయనదే. దాన్ని తీసి శుభ్రమైన గుడ్డలో చుట్టి, కొత్త పెట్టె చేయించి, ఎక్కడిది అక్కడ పెట్టు. పగలగొట్టకు, పారేయకు. మళ్ళీ చూడకు, ఎవరికీ చూపకు. పిల్లలు వ్రాసుకునే పలక మీద పెట్టడమేమిటే, నీకు బుద్ధి ఉందా? ఎందుకని అడగొద్దు. పెద్దవాళ్ళు ఒకటి దాచిపెట్టినారంటే ఏదో ఉండబట్టే దాచి ఉంటారు.

నీ ఉత్తరం వంటింట్లో చదివి పొయ్యిలో వేసినాను. అవ్వకు చెప్పలేదు, చెప్పబోను. నువ్వు ఆమెకు వేరేగా వ్రాస్తే నా మీద ఒట్టే.

ఆమె ఆరోగ్యం అడిగినావు. ఎడమకన్ను ఎప్పుడో పోయింది గదా. ఇప్పుడు కుడికంటికి కూడా పొర కమ్ముకొస్తోంది. డాక్టరు చూసి, ఎనభై నాలుగేళ్ళ మనిషి కంటికి కత్తి పెట్టనన్నాడు. వానాకాలం దాకా మనుషుల్ని గుర్తుపడుతుందట, ఆ తర్వాత వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయట. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టే ఉంది. నిన్న నా చీర చూసి “ఈ రంగు నీకు బాగలేదే” అనింది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మామిడికాయలు దొరికితే నాలుగు పంపు, ఆవకాయకు.

యశోద


చిత్తూరు
5-5-1946

అత్తకు నమస్కారాలు.

నువ్వెంత తిట్టినా పడతాను. కానీ అటక ఎక్కించమంటే మాత్రం వినను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. దుమ్ము తుడుద్దామని వేలు తడిచేసి ఒక మూల రుద్దినాను. కుర్చీకోడు కాస్తా నా వేలికి అంటుకొని వచ్చేసింది! ఇప్పుడు ముత్తాత మూడుకోళ్ళ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ముఖం మీద రుద్ది ఉంటే ఏమయ్యేదో! తడిమి చూస్తే తెలిసింది, ఒకవైపు కొంచెం గరుకుగా ఉంది, బొమ్మ ఉన్నది ఆ వైపే. రెండోవైపు నున్నటి ఒట్టి గాజు. గరుకువైపు నీళ్ళు తగలకూడదు. అప్పటి నుంచి ఊపిరి కూడా పక్కకు వదిలి చూస్తున్నాను.

చూడొద్దన్నావు గదా, రోజూ చూస్తున్నాను. బడి నుంచి రాగానే పలక మీద పెట్టుకొని కూర్చుంటాను. ఇంటాయన “కాఫీ ఇస్తావా, మీ ముత్తాతనే ఇమ్మంటావా” అని ఎగతాళి చేస్తారు. ఆయన కూడా నేను చూడనప్పుడు తొంగి చూస్తున్నారు, నాకు తెలుసు. ఎనభై ఏళ్ళ కిందటి ఎండ అత్తా అది. ఆ ఎండ ఆయన ముక్కు మీద ఇంకా పడుతూనే ఉంది. దాని ముందు గట్టిగా మాట్లాడటానికి కూడా నోరు రావడం లేదు.

ఒకటి మాత్రం మొదటి ఉత్తరంలో నేను వ్రాయలేదు. వ్రాయడానికి మనసొప్పలేదు. ఆయన జంద్యం కుడి భుజం మీద ఉంది. తద్దినం పెట్టేటప్పుడు, పితృదేవతలకు నీళ్ళు వదిలేటప్పుడు తప్ప ఎవరూ అట్లా వేసుకోరు గదా. ఉంగరం కూడా ఎడమచేతికే ఉంది. శుభమా అని పటం తీయించుకుంటూ ఎవరైనా అట్లా కూర్చుంటారా? నువ్వు భయపడింది దీనికేనా?

ఏదైనా కానీ, అవ్వ తన తండ్రిని చూడలేదు. ఆమె పుట్టకముందే ఆయన పోయినాడని మన ఇంట్లో పిల్లలకందరికీ తెలుసు. ఆ ఒక్క కన్ను ఉండగా చూపకపోతే ఇంకెప్పుడు చూపుతాము? నాకు జవాబు చెప్పు అత్తా. తిట్టు, కానీ జవాబు చెప్పు.

మామిడికాయలు పంపినాను.

పంకజం


తిరుపతి
వైశాఖ పౌర్ణమి

చి.సౌ. పంకజానికి ఆశీస్సులు.

కనిపెట్టేసినావు గదా, ఇంకా దాచి ఏం లాభం? విను.

అది దుందుభి సంవత్సరం. చిత్తూరు కచ్చేరికి వచ్చిన దొర ఒకడు పటాలు తీసే యంత్రం వెంట తెచ్చుకున్నాడట. కథలు వ్రాసే అనంతయ్యగారి పేరు విని, బండి పంపించి పిలిపించుకున్నాడు. డేరా ముందర ఎండలో కుర్చీ వేసి, కదలొద్దన్నాడు. తాతకు కదలకుండా కూర్చోవడం కంటే పెద్ద శిక్ష లేదు. ఇంటికొచ్చి అదంతా అభినయించి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించినాడట.

కొన్నాళ్ళకు బంట్రోతు ఒకడు ఆ పటాన్ని నల్లగుడ్డ పరిచిన చిన్న చెక్కపెట్టెలో బిగించి తెచ్చి ఇచ్చిపోయినాడు. అప్పటికి తాత విషజ్వరంతో మంచం మీద ఉన్నాడు. మా అవ్వ అలివేలమ్మ పెట్టె మూత తీసి చూసింది. మంచం మీద మనిషి మూలుగుతున్నాడు, చేతిలోనేమో అదే మనిషి, జంద్యం కుడి భుజం మీద. ఆమె పెట్టె మూసి మళ్ళీ తెరవలేదు. ఆ వారంలోనే తాత పోయినాడు. మీ అవ్వ అప్పుడు కడుపులో ఉంది.

పిల్ల పుట్టినాక బంధువులు ఏమన్నారో నేను నోటితో అనలేను. తండ్రిని మింగి పుట్టిందన్నారు. అలివేలమ్మ మాత్రం వచ్చినవాళ్ళకందరికీ ఒకటే జవాబు చెప్పేదట. “నా బిడ్డ కాదు, ఆ పటం మింగింది. నా కండ్లతో చూసినా” అని. పుట్టింటివాళ్ళదని నువ్వున్న ఆ చిత్తూరు ఇంటికే చేరి, పెట్టెను అటక ఎక్కించింది. ఎందుకు పారేయలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నామకరణం కూడా సరిగా జరగలేదు. పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో బిడ్డ పేరు వ్రాయాలి గదా. వ్రాసే చెయ్యి లేదు. మేనమామ ఏవో నాలుగు మాటలు గొణిగి లేచిపోయినాడట. “నా పేరు బియ్యంలో పడలేదే యశోదా” అని అవ్వ ఎప్పుడూ నవ్వుతూనే చెబుతుంది. నాకే వినబుద్ధి కాదు.

అలివేలమ్మ పోయేముందు కూతురి చెయ్యి పట్టుకొని, ఆ పటం ఎన్నడూ చూడనని మాట తీసుకుంది. మా అమ్మ, అంటే మీ అవ్వ, ఇచ్చింది. అదీ సంగతి. ఇప్పుడు చెప్పు, నువ్వు నా స్థానంలో ఉంటే ఏం చేస్తావు?

ఇంతటితో అయిపోలేదు. నీ ఉత్తరం వంటింట్లోనే చదివినాను. కుర్చీకోడు ఊడివచ్చిందన్న చోట నా నోట “అయ్యో” అని వచ్చేసింది. అవ్వకు కన్ను లేకపోతేనేం, చెవులు పాముచెవులు. “ఏందే పోయింది?” అనింది. ఏమీ లేదమ్మా అన్నాను. “నీ గొంతు నాకు తెలీదా? పంకజం ఏం రాసిందో చదువు” అనింది. ఆమె ముందర అబద్ధమాడటం నాకు చిన్నప్పటి నుంచి చేతకాదు. చదివినాను.

ఆమె వేలు మోకాలి మీద ఆడటం మొదలుపెట్టింది. చివరికి ఏమనిందో తెలుసా? “చూడను. మాట ఇచ్చినా. అయితే తాకొద్దని మా అమ్మ చెప్పలేదు గదా. తెప్పించు.”

నాకు ఇష్టం లేదు. నా ఇంట్లోకి అది రావడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ ఆమె అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

యశోద


చిత్తూరు
26-5-1946

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చినాను. అవ్వ తెలివికి నవ్వినాను కూడా.

పటం మునస్వామి చేతికిచ్చి పంపుతున్నాను. కొండకు తలనీలాలు ఇవ్వడానికి ఎట్లాగూ వస్తున్నాడు. వెదురుబుట్టలో ఊక పోసి, మధ్యలో పాత పట్టుగుడ్డలో చుట్టి పెట్టినాను.

నీ సంగతి నాకు తెలుసు. రైల్లో వచ్చిన వస్తువంటే చింతపండు పెట్టి తోమనిదే నువ్వు గడప దాటనివ్వవు. అత్తా, నీ కాళ్ళకు దణ్ణం పెడతాను, దీన్ని కడగొద్దు. తడవనిదే నీకు మడి కాదంటే, వేలితో తడిమి చూడు. నున్నగా ఉన్నవైపు కాసిన్ని పసుపునీళ్ళు చల్లుకో, నీ ఇష్టం. గరుకుగా ఉన్నవైపు ఒక్క చుక్క పడినా ముత్తాత నీళ్ళలో కలిసిపోతాడు. మళ్ళీ తేలేము.

ఇల్లు బోసిపోయినట్టుంది. పలక మీద ఏమీ లేదు. పాఠం చెబుతుంటే పిల్లలు “అనంతయ్యగారు ఎట్లా ఉంటారు టీచరమ్మా” అని అడిగినారు. నవ్వు ఆపుకుంటూ ఉంటారని చెప్పినాను.

చేరగానే వ్రాయి.

పంకజం


(కార్డు)
చిత్తూరు, 7-6-46

అత్తా, మునస్వామి బోడిగుండుతో తిరిగి వచ్చి చాలా రోజులయింది. పటం నీ చేతికే ఇచ్చినానంటున్నాడు. నీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పగిలిందా? కడిగినావా? అవ్వ తాకిందా? ఏదైనా సరే, ఒక్క ముక్క వ్రాయి. ప్రాణాలు తోడేస్తున్నావు.

పంకజం


తిరుపతి
జ్యేష్ఠ బహుళ తదియ

నా తల్లీ పంకజం,

నీ కార్డు ఎంత పని చేసిందో తెలుసా? ముందు నుంచి చెప్పకపోతే నాకు చేతకాదు. ఓపికగా చదువు.

మునస్వామి బుట్టను రెండు చేతులతో పట్టుకొని వచ్చినాడు. “అమ్మగోరూ, పాకాలలో బండి మారేటప్పుడు గూడా కింద పెట్టలా. పసిబిడ్డ మాదిరి ఒళ్ళోనే పెట్టుకొచ్చినా. పంకజమ్మ ఏదో పటమని మాత్రం అనింది. ఈ సామి ఎవురమ్మా?” అని అడిగినాడు. మెట్లదారి కథలు వ్రాసినాయన అన్నాను. వాడు నోరు తెరిచినాడు. “మెట్లెక్కతా సెప్పుకుండేటియా? అయి మా అవ్వ కతలు గదమ్మా! మోకాళ్ళ పర్వతం కాడ నన్ను ఎత్తుకోని సెప్పేది. వాట్ని రాసిన మనిసున్నాడా!” అని, బుట్టను అరుగు మీద పెట్టి సాష్టాంగం పడిపోయినాడు. చదువు రానివాడి ఇంట్లోకి కూడా నడిచిపోయినాడే తాత అని నేను అట్లాగే నిలబడిపోయినాను.

కానీ నా భయం నాది. బుట్టను ముందుగదిలో మూల పెట్టి చాప కప్పినాను. పొద్దున లేస్తూనే అవ్వ “వచ్చిందా?” అనేది. ఇంకా లేదమ్మా అనేదాన్ని. మీ మామయ్య నా ముఖం చూసి పేపరు అడ్డం పెట్టుకునేవారు. అబద్ధం చేతకాదన్నాను గదా, భయం నేర్పింది.

అంతలో నీ కార్డు వచ్చింది. నేను స్నానానికి పోయి ఉన్నాను. అవ్వ పోస్టుమాన్‌ను ఆపి కార్డు చదివించుకుంది! తడిచీరతో వస్తే అరుగు మీద కూర్చొని ఉంది. “యశోదా, నన్ను మోసం చేసేంత పెద్దదానివి అయినావా? తీసుకరా” అనింది. కోపంగా కూడా అనలేదు.

పెరట్లో వేపచెట్టు ఎండనీడలో ఆమె నల్ల కంబళి పరిచినాను. కంబళికి మైల లేదు గదా. ఆమె గోడవైపు తిరిగి, నాకు వీపు చూపించి కూర్చుంది, పొరపాటున కూడా కంటపడకూడదని. “శుద్ధి చేసి నా చేతికియ్యి” అనింది.

నేను పట్టుగుడ్డ విప్పి, కళ్ళు మూసుకొని, వేలితో తడిమినాను. నువ్వు చెప్పినట్టే ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. గరుకువైపు కిందకు వచ్చేట్టు కంబళి మీద బోర్లించినాను. నున్నటివైపు మీద నాలుగు చుక్కల పసుపునీళ్ళు చల్లి, మడిగుడ్డతో తుడిచినాను. తుడిచేటప్పుడు చూడకూడదనే అనుకున్నాను. కళ్ళు వింటాయా పంకజం? విన్లేదు.

తాత ఉన్నాడు. గాజు వెనకాల, నల్ల కంబళిలో నుంచి, పసుపు తడి మెరుస్తూ. నువ్వు వ్రాసిందంతా తక్కువే. ఇంకొక క్షణంలో నోరు తెరుస్తాడనిపించింది. ఆ తర్వాత నా చూపు భుజం మీదికి పోయింది.

జంద్యం ఎడమ భుజం మీద ఉంది.

నా కళ్ళు చెడినాయనుకున్నాను. గాజును తిప్పి పెట్టినాను. కుడి భుజం. మళ్ళీ బోర్లించినాను. ఎడమ భుజం. ఉంగరం కూడా కుడిచేతికి వచ్చేసింది. నేను ఏం చేసినానో చెబితే నవ్వుతావు. లోపలికి పరుగెత్తి అద్దం ముందర నిలబడినాను. నా ముక్కు బేసరి ఏ వైపు ఉంది, అద్దంలో ఏ వైపు ఉంది? పెళ్ళయినప్పటి నుంచి రోజూ ఆ అద్దంలోనే బొట్టు పెట్టుకుంటున్నాను, అందులో అన్నీ తారుమారే గదా! ఆ గాజు కూడా ఆయనకు ఎదురుగా పెట్టిన అద్దం లాంటిదే. బొమ్మ పడినవైపు నుంచి చూస్తే తారుమారు, వెనకనుంచి చూస్తే ఉన్నదున్నట్టు. పెట్టెలో తారుమారు వైపే పైకి పెట్టి బిగించినారు. అంతే. ఇంతేనే తల్లీ!

నేను పెట్టిన కేకకు అవ్వ అదిరిపడింది. “ఏందే, పగిలిపోయిందా?”

“లేదమ్మా, జంద్యం సరిగ్గానే ఉంది. తాత సరిగ్గానే కూర్చున్నాడు. మనమే తప్పువైపు నుంచి చూసినాము.”

రెండుసార్లు చెప్పించుకుంది. బేసరి సంగతి చెబితే అర్థం చేసుకుంది. గోడవైపే చూస్తూ, “మా అమ్మ తిప్పి చూళ్ళేదా?” అని అడిగింది. బిగించి ఉన్నింది గదమ్మా, ఎట్లా తిప్పుతుంది అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను పుట్టినప్పటి నుంచి ఆమె అంతగా ఏడవడం చూడలేదు. “దాన్ని తలచుకొని తలచుకొని బతికింది మా అమ్మ. నిద్దట్లో గూడా పటం పటం అనేది.”

నాకు ఇంకొక భయం పట్టుకుంది. పటానికి పాపం లేదంటే, ఆ పాతమాట మళ్ళీ ఈమె మీదికి వస్తుందే అని. ఆమెకు నా మనసు తెలిసిపోయింది. “జరమొచ్చి పోయినాడు మా నాయన. పటమూ మింగలేదు, నేనూ మింగలేదు. నా నెత్తిన పడకుండా మా అమ్మ ఆ నింద పటం నెత్తిన ఏసింది. అది గూడా తెలీకుండానే ఇన్నేండ్లూ బతికేసినానే యశోదా” అనింది.

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మా అమ్మ చూడొద్దనింది కుడిభుజం జంద్యం మనిషిని. ఈయన ఆయన కాదు. నన్ను ఇట్లా తిప్పు” అనింది.

భుజాలు పట్టుకొని తిప్పినాను. గాజును కంబళితో సహా ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టి, మీ మామయ్య భూతద్దం చేతికిచ్చినాను. ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. నేను ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకున్నాను. ఎంతసేపయిందో నాకు తెలియదు, చేతులు నొప్పి పుట్టినా దించలేదు.

“పిల్లోడమ్మా” అనింది. “మా నాయన పిల్లోడే! మన పంకజం ఈడు గూడా లేదే. నేనింకా ముసలాయన్ని తలచుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ.”

మీ మామయ్య అప్పటికి వచ్చి వెనకాల నిలబడి ఉన్నారు. ఆయన చేతులు జోడించడం చూసినాను. ఎవరికి మొక్కినారో అడగలేదు.

తర్వాత అవ్వ వేలు కనిపించిందా అని వెతుక్కుంది. పొగలాగా చెదిరిన ఆ వేలిని భూతద్దంలో చూసి, తన వేలు మోకాలి మీద ఆడించింది. “కదలొద్దంటే గూడా కథ ఆపలేదు సూడు” అని నవ్వింది. పుస్తకంలో ఆ మీసాలాయన్ని తీసేసి ఈ పిల్లోడిని వేయమని మద్రాసుకు వ్రాయమనింది. నీకు అనుమతి దొరికింది, పో. కుర్చీకోడు పోయింది ఆమెకు కనపడలేదు, నేను చెప్పలేదు.

కాసేపు అయినాక, “పళ్ళెంలో సోలెడు బియ్యం పోసుకరా” అనింది. నైవేద్యానికేమో అనుకున్నాను. తెచ్చి ముందర పెట్టినాను. “నువ్వు లోపలికి పో” అనింది. పోయినాను, కానీ తలుపు వెనకాలే ఉన్నాను. మాటలు వినపడలేదు, గొణుగుడే వినపడింది. పిలిచినాక వచ్చి చూస్తే, గాజును కంబళితో సహా గోడకు ఆనించి పెట్టుకొని ఉంది. దాని ముందర పళ్ళెం. బియ్యంలో వంకరటింకరగా, పెద్ద పెద్ద అక్షరాలతో, చంద్రకాంతం అని వ్రాసి ఉంది.

“ఆయనకు నా పేరు తెలీదు గదే” అనింది. “రాసే చెయ్యేమో గాజులో ఉండిపోయింది. అందుకే నేనే రాసి చూపించినా.”

నేను ఆ పళ్ళెం ముందర కూలబడిపోయినాను పంకజం. ఆ అక్షరాలు చెరపడానికి నాకు చేతులు రాలేదు. సాయంత్రానికి ఆమే తన చేత్తో కలిపేసి, “వండు, పరమాన్నం చెయ్యి. నా నామకరణానికి ఎవరూ తినలేదు” అనింది. బెల్లం వేసి వండినాను. ముగ్గురమూ తిన్నాము. నీకు పంపేందుకు వీలుకాదు గదా అని నీ పేరు చెప్పి అవ్వే ఇంకొక గరిటె వేయించుకుంది.

యశోద